నీళ్ల తుపాకీతో ఆడితే ఒంటికి కసరత్తు అవుతుందా?

కోటగుమ్మం (విజయనగరం) · మే 3, రాత్రి 9.40

మా అప్ప కొడుకు సెలవులకు మా ఇంటికి వచ్చాడు. పదకొండేళ్లు, 45 కిలోలు. పొద్దున్న కళ్లు తెరిచిన దగ్గర నుంచి ఫోను. సాయంత్రం నడకకు రమ్మంటే, "ఎక్కడికి వెళ్లాలి మావయ్యా?" అంటాడు. ఎక్కడికీ వెళ్లకుండా ఊరికే నడిచి తిరిగి రావడం ఏమిటో వాడి బుర్రకు ఎక్కదు. ఆ మాటకొస్తే నాకూ పూర్తిగా ఎక్కదు.

నిన్న గంటస్తంభం వైపు వెళ్లినప్పుడు బొమ్మల కొట్లో ఒక నీళ్ల తుపాకీ కొన్నాను. లీటరు నీళ్లు పడుతుంది. ముందున్న పిడిని వెనక్కీ ముందుకీ లాగి గాలి ఎక్కించాలి, తర్వాత మీట నొక్కాలి. సాయంత్రం డాబా మీద పక్కింటి పిల్లలతో గంటన్నర ఆడాడు. కిందకి దిగేసరికి ముఖం ఎర్రగా కందిపోయి, కంచంలో పెట్టింది పెట్టినట్టు తిని, తొమ్మిదికల్లా పడుకున్నాడు. ఫోను ఎక్కడుందో కూడా అడగలేదు.

మా ఆవిడ మాత్రం "దీన్ని అల్లరి అంటారు, వ్యాయామం అనరు" అంటోంది. పంపు కొట్టడం వల్ల చేతులకు ఏమైనా బలం వస్తుందా? రోజూ ఆడనిస్తే నడకకు బదులుగా లెక్కవేసుకోవచ్చా? తెలిసినవారు చెప్పండి.

జీడితోట (పలాస) · మే 3, రాత్రి 10.05

అన్నా, కోడి రామ్మూర్తి నాయుడు గారు వ్యాయామం నేర్పిన ఊళ్లో ఉండి నీళ్ల తుపాకీ గురించి అడుగుతున్నారు. ఆయన వింటే గొలుసు తెంపినట్టు మీ తుపాకీని తెంపేసేవారు.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం) · మే 4, ఉదయం 6.20

నవ్వులాటకేమి గానీ, నేను చెప్పేది వినండి. నాకు 52 ఏళ్లు. మొన్న ఆదివారం మనవలిద్దరితో దొడ్లో ఇదే ఆట ఆడాను. అరగంట. మర్నాడు ఏమీ లేదు. రెండో రోజు పొద్దున్న జడ వేసుకుందామని చెయ్యి పైకెత్తితే ఎడమ భుజం నుంచి మోచేయి దాకా ఒకటే సలుపు. నేను కుడిచేత్తో తుపాకీ పట్టుకుని ఎడమచేత్తో పంపు కొట్టాను. ముప్పై ఏళ్లుగా ఆ ఎడమచెయ్యి చేసిన పెద్ద పని పోపు వేసేటప్పుడు మూకుడు పట్టుకోవడం. కాబట్టి అల్లరి అన్నవాళ్లు నా భుజాన్ని అడగండి.

మాపాఠం (విజయనగరం) · మే 4, ఉదయం 8.15

భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాడిని. అడిగింది లెక్క కాబట్టి లెక్కే చెబుతాను.

తుపాకీలో గాలి ఒత్తిడి బయటి గాలికన్నా రెండింతలు ఎక్కువ ఉందనుకుందాం. బొమ్మకు ఇది ఉదారమైన అంచనా. ఆ ఒత్తిడితో లీటరు నీళ్లను బయటికి తోయడానికి కావలసిన పని 200 జౌళ్లు (జౌల్ అంటే పనినీ శక్తినీ కొలిచే కొలత). మన కండరాలు తిన్నదానిలో నాలుగో వంతుకు అటూఇటూ మాత్రమే పనిగా మారుస్తాయి, మిగతాది వేడిగా పోతుంది. అంటే లీటరుకు ఒంట్లో ఖర్చయ్యేది 800 జౌళ్లు, మనం వాడుకలో కేలరీ అనే కొలతలో 0.2 కన్నా తక్కువ. మీవాడు సాయంత్రమంతా 25 లీటర్లు చిమ్మాడనుకోండి, దాదాపు 5 కేలరీలు. పంపులో వృథా అయ్యేది కూడా కలిపి రెట్టింపు వేసుకోండి, 10. ఒక గ్రాము పంచదారలో 4 కేలరీలు ఉంటాయి. గంటన్నర పంపు కొట్టి వాడు కరిగించింది రెండున్నర గ్రాముల పంచదార. మీరు ఆట తర్వాత ఇచ్చిన పాలగ్లాసులో అంతకు నాలుగింతలు వేసి ఉంటారు.

ఇప్పుడు ఇంకో లెక్క. 45 కిలోల పిల్లవాడు ఒక అంతస్తు, అంటే మూడు మీటర్లు, మెట్లెక్కితే 1,300 జౌళ్లకు పైగా పని. ఒక్కసారి డాబా ఎక్కడం ఆరు లీటర్ల పంపుకు సమానం! వాడి ముఖం కందిపోయింది పంపు వల్ల కాదు. నీళ్లు ఎక్కడ నింపుకుంటున్నాడు?

కోటగుమ్మం · మే 4, ఉదయం 8.40

మాస్టారూ, భలే పట్టుకున్నారు. డాబా మీద కుళాయి లేదు. కింద పెరట్లో ఉంది. ప్రతిసారీ దిగి నింపుకుని ఎక్కుతున్నాడు. నిన్న ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు గానీ మెట్ల మీద చప్పుడు మాత్రం ఆగలేదు.

మాపాఠం · మే 4, ఉదయం 8.52

అదీ సంగతి. వ్యాయామం తుపాకీలో లేదు, కుళాయిలో ఉంది. బకెట్టు నింపి డాబా మీద పెట్టారంటే ఆ క్షణాన ఆట చప్పబడిపోతుంది.

మందుపంపు (చీపురుపల్లి) · మే 4, మధ్యాహ్నం 1.30

మాస్టారు గారి లెక్కకు నా నడుము సాక్ష్యం. వరికి మందు కొట్టే చేతి పంపు నాది 16 లీటర్ల ట్యాంకు. నిండా పోస్తే నీళ్లే 16 కిలోలు, వీపు మీద. ఒక చేత్తో మీట ఆడిస్తూ ఇంకో చేత్తో గొట్టం పట్టుకుని బురదలో నడవాలి. సాయంత్రానికి మీట ఆడించిన చెయ్యి నొప్పెట్టదు, అది అలవాటైపోతుంది. పిక్కలు, నడుము లాగేస్తాయి. బరువు మోస్తూ బురదలో నుంచి కాలు పీకడమే అసలు కష్టం.

ఇంకో మాట, ఇది నవ్వులాట కాదు. మొన్న మా వీధిలో ఒకాయన పాత మందు పంపును కడిగి పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వబోయాడు. నేను కేకలేసి లాక్కున్నాను. ఎన్నిసార్లు కడిగినా మందు ప్లాస్టిక్‌లో, వాచర్లలో, గొట్టంలో ఎక్కడో ఒక చోట ఉండిపోతుంది. వాసన పోయిందంటే మందు పోయినట్టు కాదు. పొలం పంపు పొలానికే. పిల్లల చేతికి వద్దు, ఇంట్లో మొక్కలకు నీళ్లు చల్లడానికి కూడా వద్దు.

రాజాం ఫిజియో · మే 4, రాత్రి 9.10

ఇంతసేపటికి తీరిక దొరికింది. మాస్టారు చెప్పింది కేలరీల వరకు నిజం. కానీ వ్యాయామం అంటే కేలరీ ఒక్కటే కాదు.

చేతి మీటను నొక్కే చిన్న పిస్తోలు ఉంది చూశారా, తీర్థంలో చవగ్గా దొరికేది, దానిలో గాలి ఎక్కించడం ఉండదు. ప్రతి నొక్కుకూ చిన్న పిస్టన్ కాసిన్ని నీళ్లు తోస్తుంది. వదలగానే స్ప్రింగు వెనక్కి లాగి మళ్లీ నీళ్లు పీల్చుకుంటుంది. ఒక లోటా నీళ్లు ఖాళీ చేయడానికి వందల నొక్కులు కావాలి. వేళ్లలో పట్టులేని చిన్నపిల్లలకు, పెన్సిలు పట్టుకుంటే రెండు వరుసలకే చెయ్యి నొప్పి అనేవాళ్లకు మేము ఇలాంటివే ఇస్తాం. నీళ్లు చల్లే సీసాలు, పిండే బొమ్మలు. రబ్బరు బంతి ఇచ్చి వంద సార్లు నొక్కమంటే పిల్లవాడు పదికి ఏడుస్తాడు. గోడ మీద సుద్దతో గీసిన బొమ్మను నీళ్లతో చెరిపెయ్యమంటే రెండొందలు నొక్కుతాడు.

పెద్ద తుపాకీలో పిడిని తోసేటప్పుడు జబ్బ వెనక కండరం, లాగేటప్పుడు ముందు కండరం పనిచేస్తాయి. రెండు చేతులూ మార్చి మార్చి కొట్టించండి. నాగావళి అమ్మగారికి వచ్చింది అలవాటు లేని పని చేస్తే ఒకటి రెండు రోజులకు బయటపడే కండరాల నొప్పి. మూడు నాలుగు రోజుల్లో దానంతట అది తగ్గుతుంది. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వకపోయినా, చెయ్యి అసలు పైకి లేవకపోయినా మాత్రం ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. ఆ వయసులో భుజం బిగుసుకుపోయే జబ్బు కూడా ఇలాగే మొదలవుతుంది, చక్కెర ఉన్నవారిలో ఇంకా ఎక్కువ.

ఇక నడకకు బదులుగా లెక్కవేయవచ్చా అన్నది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊపిరి కాస్త వేగంగా ఆడాలి. పరీక్ష సులువు: ఆడుతూ మాట్లాడగలుగుతున్నాడు కానీ పాట పాడలేకపోతున్నాడంటే సరిపోతుంది. రెండు మాటలకే ఆగి ఊపిరి పీలుస్తున్నాడంటే గట్టి వ్యాయామమే. మెట్లెక్కి వచ్చినప్పుడు ఒక పాట పాడమనండి.

చిమ్మనగ్రోవి (శ్రీకాకుళం) · మే 5, ఉదయం 7.00

నా పేరు చూసి ఇన్నాళ్లూ ఎవరూ అర్థం అడగలేదు. ఈ చర్చ కోసమే పెట్టుకున్నట్టుంది! చిమ్మనగ్రోవి అంటే నీళ్లు చిమ్మే గొట్టం. మన పాత కావ్యాల్లో వసంతోత్సవం వచ్చిందంటే చిమ్మనగ్రోవులు వచ్చినట్టే. తుపాకీ అనే మాట మనకు రాకముందే ఈ ఆట ఉంది.

చిన్నప్పుడు మా తాతగారు వెదురుతో చేసి ఇచ్చేవారు. మూరెడు ముక్క. ఒక కొసన కణుపు ఉంచి, దానికి మేకు కాల్చి సన్నని చిల్లు పెట్టేవారు. రెండో కొస తెరిచి ఉంటుంది. ఒక పుల్లకు పాత పంచె గుడ్డ చుట్టి, దారంతో బిగించి, నీళ్లలో నానబెట్టేవారు. నానితే గుడ్డ ఉబ్బి గొట్టానికి అతుక్కుంటుంది. చిల్లున్న వైపు నీళ్లలో ముంచి పుల్ల వెనక్కి లాగితే సర్రుమని నీళ్లు లోపలికి, తోస్తే అంతే జోరుగా బయటికి. గుడ్డ ఒక చుట్టు తక్కువైతే నీళ్లు వెనక నుంచి కారి మోచేతుల మీదుగా చంకలోకి పోతాయి, ఎక్కువైతే పుల్ల కదలదు. ఆ ఒక్క చుట్టు సంగతి తాతగారికి తెలిసేది, నాకు ఇప్పటికీ తెలియదు.

తీర్థం నాడు వసంతం కలిపేవారు. పసుపు నీళ్లలో సున్నం వేస్తే ఎర్రబడుతుంది, అంతే, కొన్న రంగులు కావు. వరసైన వాళ్లను వెతుక్కుంటూ వీధులన్నీ పరుగే. బావగార్లు పెరటి గోడలు దూకడం కళ్లారా చూశాను.

మాపాఠం · మే 5, ఉదయం 7.45

చాలా బాగుంది. మీ గ్రోవికీ ఇప్పటి తుపాకీకీ తేడా అక్కడే ఉంది. వెదురులో మీ చెయ్యి తోసినంతసేపే నీళ్లు వస్తాయి. గాలి తుపాకీలో చేతి బలాన్ని ముందుగా దాచుకుని, తర్వాత ఒక్కసారిగా ఖర్చుపెడతారు.

ఇది కనిపెట్టింది లానీ జాన్సన్ అనే అమెరికా ఇంజనీరు. గురుగ్రహానికి పంపిన గెలీలియో నౌక పనిలో ఉన్నవాడు. 1982లో ఫ్రిజ్‌లలో వాడే ఫ్రియాన్ వాయువుకు బదులు నీళ్లతో పనిచేసే చల్లదనపు యంత్రం కోసం ఇంట్లో ప్రయోగం చేస్తూ, స్నానాలగదిలో కుళాయికి ఒక సన్నని ముక్కు (నాజిల్) బిగించి వదిలితే ధార గది దాటి దూసుకుపోయిందట. యంత్రం పక్కన పెట్టి బొమ్మ పట్టుకున్నాడు. మొదటి నమూనాలో నీళ్ల ట్యాంకు ఖాళీ శీతలపానీయం సీసా. 1990లో బజారులోకి వచ్చింది, మరుసటి ఏడాది సూపర్ సోకర్ అని పేరు మారింది.

నేను ముందు అనుకున్న ఒత్తిడికి ధార వేగం సెకనుకు 20 మీటర్ల దాకా పోతుంది. గాలి అడ్డు లేకపోతే 40 మీటర్లు వెళ్లాలి. కానీ ధార చినుకులుగా విడిపోగానే గాలి పట్టేస్తుంది కాబట్టి ఎనిమిదో పదో మీటర్లకు చాలిస్తుంది. అందుకే పిల్లలు పరిగెత్తాలి! ధార నిజంగా 40 మీటర్లు వెళ్తే పిట్టగోడ వెనక కూర్చుని ఆడుకునేవారు.

ఉద్దానం కొబ్బరి (కవిటి) · మే 5, ఉదయం 10.30

అందరూ మురిసిపోతున్నారు. నా మాట చేదుగా ఉంటే క్షమించండి. మా వైపు మూత్రపిండాల జబ్బుతో ఎన్ని ఇళ్లు గుల్లయ్యాయో మీకు తెలియనిది కాదు. మంచినీళ్ల డబ్బా ఇంట్లోకి వస్తే దేవుడి గదిలో పెట్టినంత భద్రంగా పెట్టుకుంటాం. సాయంత్రానికి 25 లీటర్ల నీళ్లు గాల్లోకి చిమ్మి, దానిలో కేలరీలెన్ని అని లెక్కలు వేస్తున్నారు. పిల్లవాడికి ఈత నేర్పండి, లేదా బావిలో నీళ్లు తోడించండి.

మాపాఠం · మే 5, ఉదయం 11.10

మీ మాటలో తప్పు లేదు. లెక్కకు కూడా మీరే గెలిచారు. ఆరు మీటర్ల లోతు నుంచి 15 లీటర్ల బకెట్టు తోడితే దాదాపు 900 జౌళ్లు, అంటే నాలుగున్నర లీటర్లు తుపాకీతో చిమ్మినంత. ఒక్క బకెట్టుకే.

రాజాం ఫిజియో · మే 5, మధ్యాహ్నం 2.20

బావి నీళ్లు తోడమంటే ఈ కాలపు పిల్లవాడు మొదటి రోజు సరదాకి రెండు బకెట్లు తోడతాడు, రెండో రోజు కడుపునొప్పి అంటాడు. ఆటలో ఉన్న సుగుణం అదే, ఎవరైనా ఆపమనే దాకా ఆపరు. అయినా ఉద్దానం అన్నయ్య బాధ నిజం. కాబట్టి మొక్కల పాదుల దగ్గర ఆడించండి, నీళ్లు వేళ్లకు చేరతాయి.

ఉద్దానం కొబ్బరి · మే 5, మధ్యాహ్నం 2.50

అయినా నాకు మనసు ఒప్పదు తమ్ముడూ. మీరు ఆడించుకోండి.

వేదిక నిర్వాహకులు · మే 5, సాయంత్రం 4.00

ఒక జాగ్రత్త. గాలి ఎక్కించే తుపాకీ ధార దగ్గర నుంచి కంట్లో తగిలితే నల్లగుడ్డు మీద గీరుకోవచ్చు, లోపల రక్తం కూడా చేరవచ్చు. ఛాతీ కన్నా పైకి గురిపెట్టకూడదని ఆటకు ముందే షరతు పెట్టండి. చెరువు నీళ్లు, నిలవ నీళ్లు నింపవద్దు, ముక్కులోకి పోతే ప్రమాదం. ఆట అయ్యాక ట్యాంకు ఒంపేసి, మూత తీసి ఆరబెట్టండి.

కోటగుమ్మం గారూ, మెట్ల సంగతి నాకు భయంగా ఉంది. తడికాళ్లతో పరుగు, పైన డాబా.

కోటగుమ్మం · మే 5, రాత్రి 8.15

మీరు భయపడింది ఇవాళ జరిగింది. వాడు కాదు, నేను. నాలుగో మెట్టు మీద జారి కూర్చుండిపోయాను. దెబ్బ పెద్దది కాదు గానీ మా ఆవిడ ఏమీ అనకుండా వేడినీళ్లు పెట్టి తెచ్చింది. ఆ ఏమీ అనకపోవడమే ఎక్కువ నొప్పి. డాబా ఆట రద్దు. రేపటి నుంచి ఇంటి వెనక ఖాళీ స్థలం, ఇసుక నేల. పెరటి కుళాయికి అక్కడికి 25 మీటర్లు, టేపు పెట్టి కొలిచాను.

జీడితోట · మే 5, రాత్రి 8.30

తుపాకీ లేనివాడికే దెబ్బ తగిలింది. ఇదేం యుద్ధం అన్నా.

నాగావళి ఒడ్డు · మే 6, ఉదయం 6.10

ఎండ సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? మా మనవలు మధ్యాహ్నం రెండింటికే తయారవుతారు, తడుస్తున్నాం కదా ఎండ ఏం చేస్తుంది అని.

మాపాఠం · మే 6, ఉదయం 7.30

పిల్లల మాటలో సగం నిజం ఉంది తల్లీ. ఒంటి మీద ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 2,400 జౌళ్ల వేడి తీసుకుపోతుంది. తడిచొక్కా వేసుకున్నవాడు చెమట మీదే ఆధారపడనక్కరలేదు. మే నెలలో మామూలుగా పదినిమిషాలకు చతికిలబడే పిల్లవాడు ఇందులో గంట పరిగెడుతున్నాడంటే కారణం అదే. ఈ ఆట గొప్పతనమల్లా పంపులో కన్నా తడిచొక్కాలో ఉందని నా అభిప్రాయం. కానీ మన తీరంలో గాల్లో తేమ ఎక్కువ, ఆవిరి నెమ్మదిగా అవుతుంది. పైగా చల్లగా ఉండటం వల్ల దాహం తెలియదు. నాలుగు దాటాక ఆడించండి, నడుమ ఆపి మజ్జిగ తాగించండి.

మందుపంపు · మే 7, రాత్రి 9.00

చిన్న పని మాట. కొన్నాళ్లకు పిడి బిగుసుకుపోయి కీచుమంటుంది. వంటనూనె వేయకండి, రబ్బరు వాచరు ఉబ్బి ఇంకా పాడవుతుంది. సిలికాన్ గ్రీజు వేలికొసతో కాస్త రాయండి చాలు.

కోటగుమ్మం · మే 11, రాత్రి 9.30

అయిదు రోజుల సంగతి చెబుతాను.

నీళ్ల లెక్క కోసం పెరట్లో రెండు బకెట్లు నింపిపెట్టి, అవి అయిపోతే ఆట అయిపోయినట్టే అని షరతు పెట్టాను. ఉద్దానం అన్నయ్య మాట గుచ్చుకుంది మరి. దానితో వాళ్లే పొదుపుగా కొట్టడం మొదలుపెట్టారు. గురి పెరిగింది. తాడుకు కొబ్బరిచిప్పలు వేలాడగట్టాను, ధార తగిలి తిరగబడితే ఒక పాయింటు. చిప్పల కింద అరటి పాదు ఉంది.

నిన్న కూర్చుని లెక్కపెట్టాను. మావాడు 18 సార్లు నింపుకున్నాడు. పోనురాను 50 మీటర్ల చొప్పున 900 మీటర్లు, అదీ పరుగున, వచ్చేటప్పుడు చేతిలో కిలో బరువుతో. ఆటలో పరుగు వేరే. ఫిజియో గారు చెప్పినట్టు పన్నెండోసారి నింపుకుని వస్తుంటే పాట పాడమన్నాను. "ఇప్పుడా మావయ్యా" అని మూడు ముక్కలుగా అన్నాడు.

ఇంకో చిత్రం. పక్కవీధి అబ్బాయి బ్యాటరీ తుపాకీ తెచ్చాడు. మీట నొక్కితే చాలు, పంపు లేదు, దడదడమని కొడుతుంది. మావాడి ముఖం మాడిపోయింది. నేనూ మాస్టారి లెక్క తలచుకుని, ఉన్న పది కేలరీలు కూడా పోయాయనుకున్నాను. తీరా చూస్తే దాని ట్యాంకు చిన్నది, నిమిషం తిరక్కుండా ఖాళీ! మావాడు ఒకసారి కుళాయి దగ్గరికి వెళ్లేలోపు ఆ అబ్బాయి మూడుసార్లు పరిగెత్తాడు. మావాడు తుపాకీలో సగం నీళ్లు మిగుల్చుకుని, దారి మధ్యలో కాపు కాసి, ఖాళీ తుపాకీతో వచ్చేవాణ్ణి వచ్చినట్టే తడిపాడు.

మాపాఠం · మే 11, రాత్రి 9.45

బ్యాటరీ తుపాకీ వాడికే ఎక్కువ కసరత్తు అన్నమాట. నా లెక్కలో ఈ సంగతి రాలేదు, ఒప్పుకుంటున్నాను.

జీడితోట · మే 11, రాత్రి 9.50

అన్నా, ఆ తుపాకీ ఏ కొట్లో కొన్నారు? పిల్లలకు కాదు, నాకే.

కోటగుమ్మం · మే 11, రాత్రి 10.02

గంటస్తంభం దగ్గరే. రేపు నేను ఇంకోటి కొనడానికి వెళ్తున్నాను, మా ఆవిడ అడిగింది. నీకూ ఒకటి తీసి ఉంచుతాను.